కాటి సుంకం, ఋణక్రమం: తెలుగు హరిశ్చంద్ర కథలో తల్లి హక్కు

ప్రస్తావన

తెలుగువారి సాహిత్య వ్యవహారంలో హరిశ్చంద్రుని పేరు సత్యానికి పర్యాయపదంగా నిలిచిపోయింది. మార్కండేయ పురాణంలోని ఉపాఖ్యానం 15వ శతాబ్దిలో గౌరన చేతిలో ద్విపద కావ్యమైంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం రచించిన నాటకంతో అది ఊరూరా రంగస్థలం మీదికి వచ్చింది. ఈ కథను గురించిన విమర్శ ఎక్కువగా సత్యనిష్ఠ, కరుణరసపోషణ, పద్యాల గానయోగ్యత అనే మూడు విషయాల చుట్టూ సాగింది. ఈ దృష్టి సహజమైనదే. అయితే కథ అస్థిపంజరాన్ని పరిశీలిస్తే వేరొక విషయం కనిపిస్తుంది. మాట ఇవ్వడం, బాకీ పడడం, గడువు పెట్టించుకోవడం, వసూలుకు మనిషి వెంట రావడం, ఆలుబిడ్డలు అమ్ముడుపోవడం, చివరకు బిడ్డ శవం ముందు సుంకం అడగడం అనే క్రమంలో ఈ కథ నడుస్తుంది. అంటే ఇది మొదటి నుంచి చివరి వరకు ఒక అప్పు కథ. పట్టు విడవకుండా బాకీకోసం వెంటపడే మనిషిని తెలుగువారు నేటికీ నక్షత్రకుడనే పిలుస్తారు. లోకం ఈ కథను ఎలా అర్థం చేసుకున్నదో ఆ ఒక్క వాడుక తెలియజేస్తున్నది.

అప్పుల మధ్య ఒక మరణం సంభవించినప్పుడు మృతుని మీద ఎవరి హక్కు ముందు, ఎవరిది వెనుక అనే ప్రశ్నను కాటి ఘట్టం లేవనెత్తుతుంది. ఋణదాత, యజమాని, సుంకం వసూలు చేసే అధికారి, కన్నతల్లి వరుసలో నిలబడితే ఆ వరుస ఎలా ఉండాలి? ధర్మశాస్త్రాలకు ఈ ప్రశ్న తెలుసు. ఆధునిక న్యాయవ్యవస్థ దీనికి అంచెలంచెలుగా సమాధానం చెప్పింది. కథ మాత్రం సమాధానం దాకా వచ్చి ఆగిపోయింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఐతరేయం నాటి బాకీ

హరిశ్చంద్రుని పేరు వినిపించే ప్రాచీన కథల్లో ముఖ్యమైనది ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపోపాఖ్యానం. అందులోని హరిశ్చంద్రుడు సత్యవ్రతుడుగా ప్రసిద్ధుడు కాడు. గడువులు దాటవేసే ఋణగ్రస్తుడు. వరుణుని అనుగ్రహంతో కలిగిన రోహితుని ఆ దేవతకే బలి ఇస్తానని మాట ఇచ్చి, ఏదో ఒక మిషతో వాయిదా వేస్తూ వస్తాడు. బాకీ చెల్లించని రాజుకు జలోదరం వస్తుంది. రోహితుడు తనకు బదులుగా అజీగర్తుని నడిమి కొడుకు శునశ్శేపుని నూరు ఆవులకు కొంటాడు. పెద్దవాణ్ణి తండ్రి వదులుకోలేదు, చిన్నవాణ్ణి తల్లి వదులుకోలేదు. నడిమివాడు అమ్ముడుపోయాడు.

ఈ ప్రాచీన కథలో రెండు అంశాలు గమనార్హం. తండ్రి చేసిన బాకీకి కొడుకు శరీరమే చెల్లింపు కావడం ఒకటి. బిడ్డను అమ్మే అధికారం తల్లిదండ్రులకు ఉన్నదనే భావన రెండవది. పుత్రుని ద్వారా తండ్రి తన ఋణం తీర్చుకుంటాడన్న భావం ఆ ఉపాఖ్యానం ప్రారంభంలోనే ఉంది. మనిషి ఋషులకు, దేవతలకు, పితృదేవతలకు మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెప్పిన సిద్ధాంతం దీనికి నేపథ్యం. పుట్టుకనే ఋణంగా భావించిన సంప్రదాయంలో, పుట్టిన బిడ్డ ఎవరి ఋణానికైనా తాకట్టు కాగలడు. అయితే ఈ కథ చివర శునశ్శేపుడు తనను అమ్ముకున్న తండ్రిని నిరాకరిస్తాడు. అతన్ని కొడుకుగా స్వీకరించినవాడు విశ్వామిత్రుడు. వైదిక కథలో అమ్ముడుపోయిన బిడ్డకు తండ్రిగా నిలిచిన విశ్వామిత్రుడే పురాణ కథలో బిడ్డను అమ్మించే ఋణదాతగా మారాడు. ఈ మార్పు మీద విమర్శకుల దృష్టి పడవలసినంతగా పడలేదు.

స్మృతుల దృష్టిలో ఆ అప్పు

పురాణ కథకు ధర్మశాస్త్రాన్ని అన్వయించడం సముచితమేనా అన్న సందేహం ఇక్కడ కలగవచ్చు. తెలుగు సాహిత్య చరిత్రే దీనికి సమాధానం. తిక్కన కాలంవాడైన కేతన 13వ శతాబ్దిలోనే యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను ఆధారం చేసుకొని ‘విజ్ఞానేశ్వరీయము’ను తెలుగు పద్యాల్లో సంతరించాడు. గౌరన ద్విపద వెలువడేనాటికి వ్యవహార ధర్మం తెలుగు కవిత్వ భాషలోకి వచ్చి ఉంది. కాబట్టి ఈ కథను స్మృతుల వెలుగులో చదవడం బయటినుంచి తెచ్చిపెట్టిన పద్ధతి కాదు.

తండ్రి మరణించినా, దేశాంతరం పోయినా, తీరని ఆపదలో పడినా అతని అప్పును కొడుకులూ మనుమలూ తీర్చాలని యాజ్ఞవల్క్యుడు విధించాడు. అయితే ఆ విధికి హద్దులు కూడా పెట్టాడు. మద్యం, కాముకత్వం, జూదం కోసం చేసిన అప్పులు, చెల్లించకుండా మిగిలిన దండనలు, శుల్కాలు, వృథాదానాలు కొడుకు తీర్చనక్కరలేదు. భర్త చేసిన అప్పుకు భార్య సాధారణంగా బాధ్యురాలు కాదు. వ్యవహార వయస్సు రాని బాలుడు అప్పటికి బాధ్యుడు కాడు. అన్నిటికంటె ముఖ్యమైనది దానప్రకరణంలోని నియమం. కుటుంబానికి విరోధం కలగకుండా తన సొత్తును ఇవ్వవచ్చు గాని, భార్యనూ కొడుకునూ ఇవ్వడానికి వీలులేదు. కొడుకును ఇవ్వడానికి, అమ్మడానికి, విడిచిపెట్టడానికి తల్లిదండ్రులకు అధికారం ఉన్నదన్న వసిష్ఠ ధర్మసూత్రం కూడా ఉన్న ఒక్క కొడుకునూ ఇవ్వరాదని నిషేధించింది.

ఈ నియమాలతో కథను పోల్చి చూస్తే వైరుధ్యం స్పష్టమవుతుంది. లోహితాస్యుడు ఏకైక పుత్రుడు, బాలుడు. చంద్రమతి భర్త బాకీకి బాధ్యురాలు కాదు. ఇద్దరూ ఈయరాని సొత్తు. అయినా కాశీ వీథిలో ఇద్దరూ కాలకౌశికుని సొత్తయ్యారు. మార్కండేయ పురాణంలో రాణి తనను అమ్మమని తానే అడుగుతుంది. కొంగు పట్టుకొని వెంటపడిన పిల్లవాణ్ణి కూడా కొనమని యజమానిని ఆమే వేడుకుంటుంది. కొడుకు అమ్మకానికి ఇక్కడ రెండు కారణాలు కలిశాయి. తండ్రి వైపు నుంచి చూస్తే అది ఋణవిముక్తి. తల్లి వైపు నుంచి చూస్తే బిడ్డను విడిచి ఉండలేకపోవడం. తల్లి తన హక్కును నిలుపుకొనడానికి బిడ్డ దాస్యాన్ని కోరుకోవలసి వచ్చింది.

విశ్వామిత్రునికి ఇస్తానన్న ధనం వృథాదానం అవుతుందా అన్నది మరొక ప్రశ్న. ధర్మకార్యం కోసం వాగ్దానం చేసి ఇవ్వకుండానే మరణించినవాని కొడుకు చేత ఆ ధనం ఇప్పించాలని కాత్యాయనుని మతం. యాగంకోసం ఒప్పుకున్న ధనం ఈ కోవలోకి వస్తుంది. కనుక బాకీ చెల్లదని హరిశ్చంద్రుడు వాదించలేడు. బాకీ న్యాయమైనదే, చెల్లించిన పద్ధతి మాత్రం నిషిద్ధం. కథలోని బిగి అంతా ఈ రెంటి మధ్యనే ఉంది.

స్మృతులు నిషేధాలతోపాటు ఆచారాన్నీ నమోదు చేశాయి. అప్పు రాబట్టుకొనే ఉపాయాల్లో మనువు ‘ఆచరితం’ అనే దాన్ని చేర్చాడు. భార్యను, కొడుకును, పశువులను నిర్బంధించి వాకిట కూర్చోవడం దాని స్వరూపమని బృహస్పతి వివరించాడు. నక్షత్రకుడు చేసేది ఇంచుమించు ఇదే. అతడు ఒక్క వాకిట కూర్చోడు, అప్పులవాని అడుగులో అడుగు వేస్తూ నడుస్తాడు. అందువల్లనే ఆ పాత్ర హాస్యానికి ఉపయోగపడినా, దాని వెనుక ఉన్న భయం ప్రేక్షకునికి పరిచితమైనది. ఋణక్లేశం ఎరిగిన గ్రామసీమల్లో నక్షత్రకుని మాటలకు నవ్విన నవ్వు పూర్తిగా నవ్వు కాదు.

కాటి ఘట్టం: మొదటి వారసురాలి ముందు సుంకం

పాము కాటుకు లోహితాస్యుడు మరణిస్తాడు. చీకటిలో బిడ్డ శవంతో చంద్రమతి శ్మశానానికి వస్తుంది. వీరబాహుని సేవకుడుగా కాటికాపరియైన హరిశ్చంద్రుడు సుంకం అడుగుతాడు. ఆమె దగ్గర ఏమీ లేదు. ఆమె మెడలోని మంగళసూత్రం అతని కంటబడుతుంది. అది భర్తకు తప్ప పరులకు కనిపించనిది కాబట్టి ఒకరినొకరు గుర్తిస్తారు. గుర్తించిన తరువాత కూడా సుంకం రద్దు కాదు. యజమాని సొమ్మును వదులుకొనే అధికారం సేవకునికి లేదు. ఆమె తన యజమాని దగ్గరికి తిరిగి వెళ్లవలసిందే.

ఈ ఘట్టంలో తల్లి స్థానం ఏమిటి? కొడుకులు లేని వ్యక్తి ఆస్తి ఎవరికి చెందుతుందో చెప్పేటప్పుడు యాజ్ఞవల్క్యుడు భార్య, కుమార్తెల తరువాత ‘పితరౌ’ అని తల్లిదండ్రులను కలిపి చెప్పాడు. ఆ ద్వివచనంలో ముందు ఎవరన్న చర్చ వచ్చినప్పుడు విజ్ఞానేశ్వరుడు తల్లికే ముందు స్థానం ఇచ్చాడు. మితాక్షర ప్రకారం పెళ్లికాని లోహితాస్యునికి మొదటి వారసురాలు చంద్రమతి. తండ్రి ఆమె తరువాతివాడు. కాని భార్య, కొడుకు, దాసుడు ముగ్గురికీ సొంత ధనం లేదని మనుస్మృతి చెప్పింది. చంద్రమతి భార్య, దాసి కూడా. లోహితాస్యుడు కొడుకు, దాసుడు కూడా. కాటిలో నిలబడ్డది శాస్త్రం ప్రకారం మొదటి వారసురాలు. ఆమెకు సంక్రమించింది మాత్రం ఒక శవం, దాని మీద చెల్లించవలసిన సుంకం.

రసదృష్టితో చూసే విమర్శ ఈ ఘట్టంలో భర్త ధర్మనిష్ఠను ప్రధానం చేస్తుంది. కన్నకొడుకు అని తెలిసి కూడా సుంకం వదలని హరిశ్చంద్రుడు సత్యానికి పరాకాష్ఠగా నిలుస్తాడు. హక్కుల దృష్టితో చూస్తే దృశ్యం కేంద్రం మారుతుంది. ఇక్కడ తండ్రి రెండు వైపులా ఉన్నాడు. బిడ్డకు తండ్రిగా అతడు హక్కుదారు. కాటికాపరిగా అతడు హక్కుదారును ఆపేవాడు. ఈ రెండు పాత్రలను ఒకే మనిషిలో పెట్టడం కథకుల ప్రతిభ. తల్లికి అలాంటి రెండవ పాత్ర లేదు. ఆమె ఎవరి తరపునా నిలబడలేదు, శవం తరపున తప్ప. అందువల్ల ఆమె మాటకు ఆ వ్యవస్థలో చోటు లేకపోయింది. తిరిగి వెళ్లే దారిలో ఆమె మీద రాజకుమారుని హత్యానేరం పడడం కూడా ఈ దృష్టిలో ఆకస్మికం అనిపించదు. అడిగే అధికారం లేనివాళ్ల మీద నేరం మోపడం తేలిక.

జాషువ పద్యాలు, ఘట్టంలోని వైరుధ్యం

తెలుగు రంగస్థలం మీద కాటి ఘట్టానికి ప్రత్యేక చరిత్ర ఉంది. దాన్ని విడిగా ప్రదర్శించడం పరిపాటి అయింది. గుఱ్ఱం జాషువ రచించిన శ్మశానవాటి పద్యాలను నటులు ఈ ఘట్టంలో చేర్చి పాడారు. అవి నాటక కర్తవి కావన్న సంగతి చాలామంది ప్రేక్షకులకు తోచనంతగా ఘట్టంలో కలిసిపోయాయి. ఆ పద్యాల భావం మరణం ముందు అందరి సమానత్వం. కవి, రాజు, ఇల్లాలు అందరూ చేరే ఆ చోట అంటరానితనానికి తావులేదన్న భావన వాటికి ప్రాణం.

ఈ చేర్పు వల్ల ఘట్టంలో ఒక అంతర్గత సంవాదం ఏర్పడింది. శ్మశానంలో హెచ్చుతగ్గులు లేవని హరిశ్చంద్ర పాత్రధారి పాడతాడు. అతని పాట ముగిశాక అడుగుపెట్టిన తల్లికి సుంకం లేనిదే చితి లేదు. మరణం సమానం చేసినదాన్ని సుంకం మళ్లీ విడదీస్తుంది. కులవ్యవస్థ పెట్టిన బాధను ఎరిగిన కవి రాసిన పద్యాలు, రాజు చండాలునికి దాసుడు కావడమే పతనానికి పరాకాష్ఠగా భావించిన కథలోకి వచ్చి చేరడం మామూలు సంగతి కాదు. కథ ఆ దాస్యాన్ని అవమానంగా చూసింది. పద్యాలు ఆ చూపునే ప్రశ్నించాయి. నటులు గానయోగ్యత కోసం చేసిన చేర్పే అయినా, దాని ఫలితం విమర్శగా పరిణమించింది. అయితే పద్యాలు చెప్పిన సమానత్వం చచ్చినవారిది. చంద్రమతి సమస్య బతికి ఉన్నవారిది. ఈ తేడాను గుర్తించకపోతే కాటి ఘట్టం వైరాగ్య బోధగా మిగిలిపోతుంది.

ఆధునిక చట్టంలో అదే వరుస

హరిశ్చంద్ర కథ లేవనెత్తిన ప్రశ్నలకు ఆధునిక చట్టం ఒక్కొక్కటిగా సమాధానం ఇస్తూ వచ్చింది. పిల్లల శ్రమను తాకట్టు పెట్టే తల్లిదండ్రుల ఒప్పందం చెల్లదని 1933 నాటి చట్టం నిర్ణయించింది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. పూర్వులు గాని సంతతి గాని తీసుకున్న బయానాకు బదులుగా చేయించే చాకిరీని కూడా వెట్టిగానే నిర్వచించి రద్దుచేసింది. ‘భగేలా’ అనే మాట బతికిన తెలంగాణలోనూ, ‘పాలేరు’ అనే మాటకు అప్పు నీడ అంటుకున్న ఆంధ్ర సీమలోనూ ఈ నిర్వచనం పుస్తకాల్లోని మాట కాదు.

పితృఋణ భావనపై ఆధారపడిన బాధ్యత ఇంకా కొంతకాలం నిలిచింది. కొడుకు పవిత్ర కర్తవ్యం పేరుతో ఉమ్మడి ఆస్తిలో అతని వాటాను తండ్రి అప్పుకు జమకట్టే సూత్రాన్ని ప్రివీ కౌన్సిల్ కాలం నుంచి న్యాయస్థానాలు పాటించాయి. 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం దానికి తెరదించింది. ఆ సవరణ తరువాతి అప్పులకు, కేవలం ఆ కర్తవ్యం ఆధారంగా కొడుకు, మనుమడు, మునిమనుమల మీద వసూలుకు దిగే హక్కును న్యాయస్థానం గుర్తించరాదు. మృతుని ప్రతినిధి తన చేతికి వచ్చిన మృతుని ఆస్తి మేరకే బాధ్యుడన్న సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షన్ సూత్రమే ప్రధానంగా నిలిచింది. ఋణం రక్తాన్ని విడిచి ఆస్తిని అంటిపెట్టుకుంది. కొడుకు చేసిన అప్పుకు తల్లిదండ్రులు, జామీను ఉంటేనో అతని ఆస్తి చేతికి వస్తేనో తప్ప, బాధ్యులు కారు.

కాటి సుంకం ప్రశ్నకు దగ్గరగా వచ్చే నియమం 1925 నాటి భారత వారసత్వ చట్టంలో ఉంది. మృతుని ఆస్తిని నిర్వహించే ఎగ్జిక్యూటరు లేదా అడ్మినిస్ట్రేటరు తగుమాత్రపు అంత్యక్రియల ఖర్చును అప్పులన్నిటికంటె ముందు చెల్లించాలని దాని 320వ సెక్షన్ చెబుతుంది. అప్పులవాడైనా అతని చితి అతని అప్పు కోసం ఆగకూడదన్నది దీని సారాంశం. చంద్రమతి అడిగింది ఇంతకు మించి కాదు.

చితి ఆరిన తరువాతి వరుస మాత్రం తల్లిదండ్రులకు అంత అనుకూలంగా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో కొడుకు వీలునామా లేకుండా మరణిస్తే, భార్యాపిల్లలతోపాటు తల్లి మొదటి తరగతి వారసురాలు. తండ్రి రెండవ తరగతికి చెందుతాడు. మొదటి తరగతిలో ఒక్కరున్నా ఆయనకు వాటా లేదు. విజ్ఞానేశ్వరుడు తల్లికి ఇచ్చిన ముందుస్థానం ఈ విధంగా కొత్త రూపంలో నిలిచింది. వాటా రాని తండ్రికి అదే సంవత్సరపు దత్తత, పోషణ చట్టం మరొక దారి చూపింది. మృతుని ఆధారితుల్లో తల్లిదండ్రులను చేర్చి, ఆస్తి పొందిన వారసులు దానిలోనుంచి వారిని పోషించాలని 22వ సెక్షన్ విధించింది. కాని 26వ సెక్షన్ ప్రకారం మృతుని అన్నిరకాల అప్పులు ఆధారితుల పోషణ హక్కుకంటె ముందు వస్తాయి. వీలునామా, డిక్రీ, ఒప్పందం వంటివాటి ద్వారా ఆస్తిపై ముందే భారం ఏర్పడి ఉంటే తప్ప ఈ వరుస మారదు. కొడుకు మీద ఆధారపడి బతికిన ముసలి తండ్రి, ఆ కొడుకు బాకీదారుల వెనుక నిలబడాలి.

కుమార్తె విషయంలో వరుస ఇంకా దూరం. వీలునామా లేకుండా మరణించిన స్త్రీ ఆస్తి మొదట భర్తకు, సంతానానికి చెందుతుంది. వారు లేకపోతే 15వ సెక్షన్ ప్రకారం భర్త వారసులకు, ఆ తరువాతనే కన్న తల్లిదండ్రులకు చెందుతుంది. పుట్టింటి నుంచి సంక్రమించిన ఆస్తికి మినహాయింపు ఉంది గాని స్వార్జితానికి లేదు. 2009లో ఓంప్రకాశ్, రాధాచరణ్ పక్షాల మధ్య నడిచిన వ్యాజ్యంలో, భర్తను కోల్పోయి పుట్టింట చదువుకొని సంపాదించుకున్న స్త్రీ స్వార్జితం భర్త వారసులకే చెందుతుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం స్పష్టంగా ఉన్నప్పుడు సానుభూతి ఆధారం కాజాలదన్నది ఆ తీర్పు వైఖరి. ఈ సెక్షన్ సవరణను లా కమిషన్ తన 207వ నివేదికలో 2008లోనే సూచించి ఉంది. ‘యజమాని సొమ్ము నేను వదలలేను’ అనే కాటికాపరి స్థితికీ, ‘చట్టాన్ని నేను మార్చలేను’ అనే న్యాయమూర్తి స్థితికీ పోలిక ఉంది. ఇద్దరూ విధికి కట్టుబడినవారే. ఇద్దరి ముందూ నిలిచింది తల్లే.

ముగింపు

హరిశ్చంద్ర కథ ముగింపులో దేవతలు ప్రత్యక్షమవుతారు. లోహితాస్యుడు బతుకుతాడు, రాజ్యం తిరిగివస్తుంది, అంతా పరీక్షేనని తేలుతుంది. ఈ ముగింపు ప్రేక్షకునికి ఊరట. ప్రశ్నకు మాత్రం ఇది దాటవేత. మరణమే రద్దయినప్పుడు మృతుని మీద ఎవరి హక్కు ముందన్నది నిర్ణయించవలసిన అవసరం ఉండదు. సుంకం చెల్లిందా, మాఫీ అయిందా అన్నది తేలకుండానే పోయింది. ఘట్టాన్ని విడిగా ఆడినప్పుడు వరాలు వెనుకబడి తల్లి, శవం, సుంకం ముందుకు వస్తాయి. ప్రేక్షకులు ఆ భాగాన్ని ప్రత్యేకంగా కోరుకున్నారన్న వాస్తవాన్ని కరుణరసానికి మాత్రమే పరిమితం చేయనక్కరలేదు.

ఈ పరిశీలన వల్ల రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, హరిశ్చంద్రుడు అనుసరించిన పద్ధతిని స్మృతులే నిషేధించాయి గనుక, అతని చర్యను శాస్త్రసమ్మత ధర్మానికి ఉదాహరణగా చూపే వ్యాఖ్యానాలను పునఃపరిశీలించాలి. సత్యం, వ్యవహారం అనే రెండు ధర్మాల మధ్య సంఘర్షణగా కథను చదివితే చంద్రమతి పాత్రకు తగిన స్థానం దొరుకుతుంది. రెండవది, పితృఋణం నుంచి కొడుకును విడిపించిన చట్టం, కొడుకు మరణంతో నిరాధారులైన తల్లిదండ్రులను ఋణదాతల వెనుకే ఉంచింది. మృతుని ఆస్తిలో చితికి మొదటి స్థానం ఇచ్చిన న్యాయభావన, ఆ ఆస్తి మీదనే బతకవలసిన వృద్ధుల పోషణకు కనీసం కొంత భాగం మేరకైనా ముందుస్థానం ఇవ్వగలదా అన్నది శాసనకర్తలు తేల్చవలసిన విషయం. అప్పుల భారంతో మరణించిన రైతుల ఇళ్లలో మిగిలిన ముసలి తల్లిదండ్రులను చిత్రించే తెలుగు కథలనూ నవలలనూ ఈ ఋణక్రమం దృష్టితో పరిశీలించవలసి ఉంది. వాటిలో అప్పులవాడు ఎవరన్నదానికంటె, అతడు పోయాక వరుసలో చివర నిలబడింది ఎవరన్నది పరిశోధకులు ముందుగా అడగవలసిన ప్రశ్న.